సాగరగర్భ చమురు, సహజవాయు క్షేత్రాల అభివృద్ధి - విరమణ: కృష్ణా-గోదావరి తీరం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

సముద్రగర్భంలోని చమురు, సహజవాయు క్షేత్రం జీవితానికి రెండు కొసలు ఉంటాయి. మొదటిది అభివృద్ధి. రెండవది, ఉత్పత్తి ముగిశాక బావులను శాశ్వతంగా మూసి, నిర్మాణాలను తొలగించి, సముద్రాన్ని సురక్షిత స్థితికి తేవడం. డీకమిషనింగ్ అని పరిశ్రమ వ్యవహరించే ఈ రెండవ దశను ఈ వ్యాసంలో ‘క్షేత్ర విరమణ’ అని పేర్కొనడం జరిగింది. ఆంధ్రప్రదేశ్ తీరానికి ఎదురుగా ఉన్న రవ్వ, డీ-6 క్షేత్రాల చరిత్రను, ఉత్తర సముద్రంలోని బ్రెంట్ అనుభవాన్ని, పశ్చిమ తీరంలోని తపతి ఉదాహరణను ఆధారంగా చేసుకొని ఈ రెండు దశల మధ్య సంబంధాన్ని వ్యాసం వివరిస్తుంది. క్షేత్రం ఎప్పుడు ముగుస్తుందన్నది అనిశ్చితం. ముగిశాక చేయవలసిన పని మాత్రం నిశ్చితం. కాబట్టి విరమణకు కావలసిన నిధిని నిక్షేపాల తొలి అంచనాకు మాత్రమే ముడిపెట్టడం ప్రమాదకరమని ఈ పరిశీలన నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: సాగరగర్భ క్షేత్రం, కృష్ణా-గోదావరి బేసిన్, రవ్వ, డీ-6, బ్రెంట్, క్షేత్ర విరమణ, స్థల పునరుద్ధరణ నిధి, మత్స్యకారులు.

1. ప్రవేశిక:

భారతదేశంలో సాగరగర్భ చమురు చరిత్ర 1974లో బొంబాయి హై క్షేత్రం కనుగొనడంతో మలుపు తిరిగింది. 1976లో అక్కడ ఉత్పత్తి మొదలైంది. తూర్పు తీరంలో ఆ స్థానం కృష్ణా-గోదావరి బేసిన్‌కు దక్కింది. 1987లో రవ్వ, 2002లో డీ-6 బ్లాకులోని భారీ సహజవాయు నిక్షేపాలు వెలుగుచూశాయి. 2024 జనవరి 7న ఓఎన్‌జీసీ తన 98/2 లోతుజలాల బ్లాకు నుంచి తొలి చమురు తీసింది.

ప్రతి ఆవిష్కరణా పత్రికల్లో పతాకశీర్షిక అయింది. నిక్షేపాల పరిమాణం, పెట్టుబడి, ప్రభుత్వ ఆదాయం, విద్యుత్తు, ఎరువులు చర్చకు వచ్చాయి. ఆ ప్లాట్‌ఫారాలు, పైపులైన్లు, బావులు పనికిరాకుండా పోయిన రోజున ఏమవుతాయన్న ప్రశ్నకు మాత్రం తగిన చోటు దొరకలేదు. గనుల తవ్వకం ఆగిపోతే మిగిలిన గొయ్యి కంటికి కనిపిస్తుంది. సముద్రం అడుగున మిగిలింది వలకు తగిలినప్పుడే తెలుస్తుంది. ఈ ప్రశ్నకు సమాధానం వెతకాలంటే ముందుగా క్షేత్రం ఎలా రూపుదిద్దుకుంటుందో తెలుసుకోవాలి. విరమణలో ఎదురయ్యే చిక్కుల్లో చాలావరకు అభివృద్ధి దశలో తీసుకున్న నిర్ణయాల ఫలితాలే.

2. అన్వేషణ నుంచి ఉత్పత్తి వరకు:

2.1 నిక్షేపం - అంచనా:

గోదావరి, కృష్ణా నదులు లక్షల సంవత్సరాలుగా తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు తీరంతో ఆగిపోలేదు. ఖండపు అంచున పేరుకున్న అవక్షేపం అప్పుడప్పుడు జారి, చిక్కటి బురదప్రవాహంగా సముద్రపు వాలు మీదుగా లోతుకు పారింది. ఆ దారిలో కాలువల వంటి పల్లాలు ఇసుకతో నిండాయి. వాటి పైన, పక్కన బంకమన్ను పరచుకుంది. ఇసుకరాళ్ల రంధ్రాల్లో సహజవాయువు చేరింది, బంకమన్ను దానికి మూత అయింది. డీ-6 బ్లాకులోని డీ-1, డీ-3 నిక్షేపాలు ప్లియోసీన్ యుగానికి, అంటే సుమారు 53 లక్షల నుంచి 26 లక్షల సంవత్సరాల క్రితం నాటి కాలానికి చెందిన ఇటువంటి కాలువ ఇసుకల్లోనివే.

భూకంప తరంగాల సర్వే ఈ ఇసుకపొరల విస్తీర్ణాన్ని, మందాన్ని చూపగలదు. అన్వేషణ బావి ఒక బిందువు దగ్గర అసలు రాయిని చూపుతుంది. కానీ ఒక ఇసుకతిన్నెకూ పక్కనున్న తిన్నెకూ మధ్య దారి ఉందా, లేక సన్నని బంకమన్ను పొర అడ్డుగా నిలిచిందా అన్నది ఉత్పత్తి మొదలై పీడనం తగ్గే తీరును గమనించాకనే స్పష్టమవుతుంది. రాతిలో ఉన్న వాయువు వేరు, బావికి అందే వాయువు వేరు. ఈ తేడా పూర్తిగా తెలియకముందే వేల కోట్ల రూపాయల పెట్టుబడి నిర్ణయం తీసుకోవలసి రావడం సాగరగర్భ క్షేత్రాల ప్రత్యేకత.

2.2 నిర్మాణాల ఎంపిక:

తక్కువ లోతులో ఉక్కు కాళ్ల చట్రాన్ని సముద్రతలంలోకి పైళ్లతో దిగగొట్టి, దానిపై ప్లాట్‌ఫారం నిలుపుతారు. రవ్వ క్షేత్రంలో సిబ్బంది నివాసం లేని చిన్న ప్లాట్‌ఫారాలను ఈ పద్ధతిలో నెలకొల్పి, చమురును కోనసీమలోని ఎస్. యానాం తీర కేంద్రానికి పైపులైన్ల ద్వారా చేర్చారు. లోతుజలాల్లో ఈ పద్ధతి సాధ్యం కాదు. అక్కడ బావి తలనే సముద్రతలం మీద అమర్చి, వాయువును పైపుల ద్వారా తక్కువ లోతులో ఉన్న నియంత్రణ ప్లాట్‌ఫారానికి, అక్కడి నుంచి తీరానికి పంపుతారు. డీ-6 వాయువు గాడిమొగలోని తీర కేంద్రానికి ఇలాగే చేరుతుంది. అదే బ్లాకులోని ఎంఏ క్షేత్రంలో చమురును శుద్ధిచేసి నిల్వ ఉంచే ఓడను లంగరువేసి నిలిపారు.

ఈ ఎంపికే విరమణ స్వరూపాన్ని కూడా నిర్ణయిస్తుంది. లంగరు తీసిన ఓడ మరోచోటికి వెళ్లగలదు. ఉక్కు చట్రాన్ని కోసి ఒడ్డుకు తేవలసి ఉంటుంది. లోతుజలాల్లోని బావి తలను, పైపుల కూడలిని చేరడానికి డ్రిల్లింగ్ ఓడలు, దూరనియంత్రిత జలాంతర యంత్రాలు కావాలి. తుపానులు తరచుగా వచ్చే బంగాళాఖాతంలో ఇటువంటి పనికి అనువైన నెలలు పరిమితం. నిర్మాణ సమయంలో కొంత చౌకగా కనిపించిన డిజైన్ తొలగింపు సమయంలో ఖరీదైనదిగా మారవచ్చు.

3. ఒకే తీరం - రెండు అంచనాలు:

3.1 రవ్వ:

రవ్వ క్షేత్రాన్ని 1987లో ఓఎన్‌జీసీ కనుగొంది. 1993లో ఉత్పత్తి ప్రారంభమైంది. 1994 అక్టోబరులో 25 సంవత్సరాల ఉత్పత్తి పంపక ఒప్పందం కుదిరి, ఓఎన్‌జీసీతో పాటు ప్రైవేటు సంస్థలు భాగస్వాములయ్యాయి. ఆ క్షేత్రం ఇచ్చిన చమురు తొలి అంచనాకు రెట్టింపు దాటింది. 2019లో ముగియవలసిన ఒప్పందాన్ని మరో పదేళ్లు పొడిగించారు. కొత్త సర్వేలు, కొత్త బావులు, నీటిని లోపలికి పంపి పీడనాన్ని నిలిపే పద్ధతులు క్షేత్రపు ఆయుర్దాయాన్ని పెంచాయి.

3.2 డీ-6:

నూతన అన్వేషణ లైసెన్సింగ్ విధానం తొలి విడతలో రిలయన్స్ సంస్థకు, దాని భాగస్వామి నైకోకు ఈ బ్లాకు లభించింది. 2002లో వాయు నిక్షేపం కనుగొన్నారు. 2004 నాటి అభివృద్ధి ప్రణాళిక రోజుకు 4 కోట్ల ఘనమీటర్ల ఉత్పత్తిని, సుమారు 240 కోట్ల డాలర్ల వ్యయాన్ని చూపింది. 2006లో సవరించిన ప్రణాళిక ఉత్పత్తిని 8 కోట్ల ఘనమీటర్లకు, వ్యయాన్ని 880 కోట్ల డాలర్లకు పెంచింది. డీ-1, డీ-3ల నుంచి తీయగలిగిన వాయువు సుమారు 10 లక్షల కోట్ల ఘనపుటడుగులని అంచనా.

2009 ఏప్రిల్‌లో వాయు ఉత్పత్తి ఆరంభమై, 2010లో బ్లాకు ఉత్పత్తి రోజుకు 6 కోట్ల ఘనమీటర్ల స్థాయిని తాకింది. ఆ తరువాత వేగంగా క్షీణించింది. తీయగలిగిన వాయువు అంచనాను దాదాపు మూడో వంతుకు తగ్గించవలసి వచ్చింది. భూగర్భ నిర్మాణం ఊహించినదానికంటే సంక్లిష్టమని, బావుల్లోకి నీరు, ఇసుక చేరాయని నిర్వాహక సంస్థ వివరించింది. ప్రణాళికలో చెప్పినన్ని బావులు తవ్వకపోవడమే కారణమని ప్రభుత్వం వాదించి, వ్యయ వసూలులో కొంత భాగాన్ని నిరాకరించింది. వివాదం మధ్యవర్తిత్వానికి వెళ్లింది. ఎంఏ క్షేత్రంలో 2018లో, డీ-1, డీ-3 క్షేత్రాల్లో 2020 ఫిబ్రవరిలో ఉత్పత్తి ఆగిపోయింది.

అంచనా తప్పిన ఫలితం సముద్రానికే పరిమితం కాలేదు. ఆ వాయువును నమ్ముకొని గోదావరి జిల్లాల్లో కట్టిన విద్యుత్ కేంద్రాలు 2013 నాటికి ఇంధనం లేక మూతపడే స్థితికి చేరాయి.

3.3 పోలిక:

ఒకే బేసిన్‌లో, ఒకే తీరానికి ఎదురుగా, ఒక క్షేత్రం అంచనాను రెట్టింపు దాటింది, మరొకటి మూడో వంతు దగ్గర నిలిచింది. ఒకటి తక్కువ లోతులోనిది, మరొకటి లోతుజలాలది. రాళ్ల స్వభావం కూడా వేరు. కాబట్టి ఈ పోలికను సంస్థల సమర్థతకు కొలమానంగా తీసుకోకూడదు. ఇది చెప్పేది ఒక్కటే: క్షేత్రపు ముగింపు తేదీని ప్రారంభంలోనే ఖచ్చితంగా చెప్పడం సాధ్యం కాదు. విరమణ ప్రణాళిక ఈ అనిశ్చితిని అంగీకరించి మొదలుకావాలి.

4. క్షేత్ర విరమణ - సాంకేతిక క్రమం:

క్షేత్ర విరమణ అంటే ఉత్పత్తిని నిలిపివేయడం మాత్రమే కాదు. సాధారణంగా అది ఈ క్రమంలో సాగుతుంది.

(అ) ప్రణాళిక: ఉత్పత్తి ఆగడానికి కొన్నేళ్ల ముందే బావుల స్థితి, నిర్మాణాల బరువు, సముద్రతల పరిస్థితి నమోదు చేస్తారు. పాత డ్రాయింగులు, బావుల రికార్డులు భద్రంగా లేకపోతే ఈ దశలోనే వ్యయం పెరుగుతుంది.

(ఆ) బావుల మూసివేత: చమురు, వాయువు ఉన్న పొరలకు పైన సిమెంటు బిరడాలు వేసి, అవి నిలబడుతున్నాయో లేదో పరీక్షించి, ఆ తరువాత సముద్రతలానికి కింద గొట్టాలను కోస్తారు. మొత్తం విరమణలో అతి ముఖ్యమైన పని ఇదే. బ్రిటన్‌లో విరమణ వ్యయంలో దాదాపు సగం బావుల మూసివేతకే అవుతోంది.

(ఇ) శుభ్రీకరణ: పాత్రలు, పైపుల్లో మిగిలిన చమురును, రసాయనాలను తొలగిస్తారు. కొన్ని క్షేత్రాల్లో గొట్టాల లోపల సహజ రేడియోధార్మిక పదార్థం పొలుసులా పేరుకుంటుంది, పాదరసం కూడా ఉండవచ్చు. వీటిని ఒడ్డున ప్రత్యేకంగా నిర్వహించవలసి ఉంటుంది.

(ఈ) నిర్మాణాల తొలగింపు: పై భాగాన్ని, ఆ తరువాత ఉక్కు చట్రాన్ని భారీ క్రేను ఓడలతో ఎత్తి ఒడ్డుకు తెచ్చి, విడగొట్టి, ఉక్కును తిరిగి వాడుకుంటారు.

(ఉ) పైపులైన్లు: శుభ్రపరిచాక తొలగించడమో, సముద్రతలంలో పూడ్చిన స్థితిలోనే వదలడమో చేస్తారు. పూడ్చినది అలలకు, ప్రవాహాలకు మళ్లీ బయటపడకుండా ఉంటుందా అన్నది ఇక్కడ కీలకం. గోదావరి ముఖద్వారం వంటి చోట సముద్రతలం స్థిరంగా ఉండదు. కాబట్టి వేరే సముద్రంలో సరిపోయిన పద్ధతిని ఇక్కడ యథాతథంగా అనుసరించకూడదు.

(ఊ) సర్వే, పర్యవేక్షణ: శిథిలాలు మిగల్లేదని నిర్ధారించి, మిగిలినవాటి స్థానాలను నావికా పటాల్లో గుర్తించి, కొంతకాలం పరిశీలిస్తారు.

బావుల మూసివేతకు ఇంతటి ప్రాధాన్యం ఎందుకో కోనసీమ వాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1995 జనవరిలో పాశర్లపూడి వద్ద జరిగిన బ్లోఅవుట్ రెండు నెలలకు పైగా మండింది. అది నేలమీద, తవ్వకం సమయంలో జరిగిన ప్రమాదం. మూసిన బావికి సంబంధించినది కాదు. అయినా భూగర్భ పీడనం అదుపు తప్పితే ఏమవుతుందో అది చూపింది. ఉత్పత్తి ఆగిన నిక్షేపంలో పీడనం తగ్గి ఉండవచ్చు, కానీ చుట్టుపక్కల పొరల నుంచి వాయువు, నీరు చేరి కాలక్రమంలో అది కొంత కోలుకోవచ్చు. సిమెంటు బిరడా పదేళ్ల కోసం కాదు, శాశ్వతంగా పనిచేయడం కోసం వేయాలి.

5. అంతర్జాతీయ నియమాలు - బ్రెంట్ అనుభవం:

5.1 నియమాల పరిణామం:

ఖండతీరపు అంచుపై 1958లో జరిగిన జెనీవా ఒప్పందం, వాడుకలో లేని సముద్ర నిర్మాణాలను పూర్తిగా తొలగించాలని నిర్దేశించింది. అప్పటికి నిర్మాణాలు చిన్నవి, తక్కువ లోతులోనివి. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం ఈ కట్టుబాటును కొంత సడలించింది. నౌకాయాన భద్రత కోసం తొలగించాలని చెబుతూనే, అంతర్జాతీయ ప్రమాణాలను, మత్స్య పరిశ్రమను, సముద్ర పర్యావరణాన్ని దృష్టిలో ఉంచుకోవాలని పేర్కొంది. పూర్తిగా తొలగించని నిర్మాణాల లోతును, స్థానాన్ని ప్రకటించాలని కూడా చెప్పింది. భారతదేశం 1995లో ఈ ఒప్పందాన్ని ధ్రువీకరించింది.

ఆ ప్రమాణాలను అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 1989లో రూపొందించింది. 75 మీటర్ల కంటే తక్కువ లోతులో ఉండి, 4,000 టన్నుల కంటే తక్కువ బరువున్న నిర్మాణాలను పూర్తిగా తొలగించాలి. 1998 జనవరి 1 తరువాత నెలకొల్పినవాటికి ఈ లోతు పరిమితి 100 మీటర్లు. పాక్షికంగా తొలగించిన నిర్మాణంపై కనీసం 55 మీటర్ల నీరు అడ్డంకి లేకుండా ఉండాలి. ఇవి మార్గదర్శకాలు మాత్రమే. అమలు ఆయా తీరదేశాల చట్టాలపై ఆధారపడి ఉంటుంది.

5.2 బ్రెంట్:

ప్రపంచ చమురు ధరకు పేరిచ్చిన బ్రెంట్ క్షేత్రం షెట్లాండ్ దీవులకు ఈశాన్యంగా, సుమారు 140 మీటర్ల లోతులో ఉంది. 1971లో కనుగొన్న ఈ క్షేత్రం 1976లో ఉత్పత్తి ప్రారంభించింది. ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా అనే నాలుగు ప్లాట్‌ఫారాల్లో మూడు భారీ కాంక్రీటు కాళ్లపై నిలిచినవి. వాటిని నిర్మించిన కాలంలో తొలగింపు ప్రధాన ప్రశ్న కాదు.

ఆ ప్రశ్న 1995లో, ప్లాట్‌ఫారం కాని ఒక చమురు నిల్వ బోయా రూపంలో ఎదురైంది. బ్రెంట్ స్పార్ అనే ఆ బోయాను అట్లాంటిక్ లోతుల్లో ముంచడానికి షెల్ సంస్థకు బ్రిటన్ అనుమతి ఇచ్చింది. గ్రీన్‌పీస్ కార్యకర్తలు దానిని ఆక్రమించారు. ఐరోపాలో వినియోగదారులు షెల్ పెట్రోలు బంకులను బహిష్కరించారు. జూన్‌లో షెల్ ఆ ప్రణాళికను విరమించుకుంది. బోయాలో మిగిలిన చమురు పరిమాణాన్ని ఎక్కువగా చెప్పినందుకు ఆ తరువాత గ్రీన్‌పీస్ క్షమాపణ చెప్పింది. చివరకు ఆ బోయా భాగాలు నార్వేలో రేవుగట్టు నిర్మాణానికి ఉపయోగపడ్డాయి. శాస్త్రీయ గణాంకంలో ఒక పక్షం పొరపడవచ్చు, చట్టబద్ధమైన అనుమతి మరొక పక్షం చేతిలో ఉండవచ్చు. అయినా సమాజపు అంగీకారం లేని విరమణ ప్రణాళిక నిలవదని ఈ ఘటన రుజువు చేసింది.

1998లో ఈశాన్య అట్లాంటిక్ దేశాల ఓస్పార్ కమిషన్ నిర్మాణాలను సముద్రంలో ముంచడాన్ని, వదిలివేయడాన్ని నిషేధించింది. 10,000 టన్నులకు పైబడిన పాత ఉక్కు చట్రాల పాదాలకు, కాంక్రీటు నిర్మాణాలకు మాత్రం ప్రత్యేక పరిశీలనతో మినహాయింపు కోరే అవకాశం ఉంచింది. 2017లో బ్రెంట్ డెల్టా పైభాగాన్ని, అంటే 24,200 టన్నుల బరువును, ‘పయనీరింగ్ స్పిరిట్’ నౌక ఒకే ఎత్తున లేపింది. కాంక్రీటు కాళ్లను, అడుగున అవక్షేపం మిగిలిన నిల్వ గదులను అక్కడే వదలాలన్న ప్రతిపాదనపై జర్మనీ తదితర దేశాలు అభ్యంతరం తెలిపాయి. ఒక తరం ఇంజనీర్లు గర్వించిన కాంక్రీటు పునాది తరువాతి తరానికి తేలని చిక్కుముడి అయింది.

6. భారతదేశంలో విరమణ - చట్టం, ఒప్పందం, అనుభవం:

6.1 నిధి:

భారతదేశంలో 1999లో స్థల పునరుద్ధరణ నిధి పథకం అమలులోకి వచ్చింది. ఆదాయపు పన్ను చట్టం, 1961లో చేర్చిన 33ఏబీఏ సెక్షన్ ప్రకారం స్టేట్ బ్యాంకులోని ప్రత్యేక ఖాతాలో ఈ నిధికి జమచేసిన మొత్తానికి, లాభంలో 20 శాతం పరిమితికి లోబడి, పన్ను మినహాయింపు ఉండేది. క్షేత్రం సంపాదిస్తున్నప్పుడే ముగింపు కోసం దాచాలన్నది దీని ఉద్దేశం.

6.2 ఒప్పందాల ప్రభావం:

ఉత్పత్తి పంపక ఒప్పందంలో నిర్వాహకులు ముందుగా తమ వ్యయాన్ని రాబట్టుకొని, మిగిలిన లాభ పెట్రోలియాన్ని ప్రభుత్వంతో పంచుకుంటారు. పునరుద్ధరణ నిధికి చెల్లించే మొత్తాన్ని కూడా ఒప్పంద వ్యయంగా పరిగణించినప్పుడు, ఆ మేరకు పంచుకోవలసిన లాభం తగ్గుతుంది. అంటే విరమణ భారంలో ప్రభుత్వం, దాని ద్వారా ప్రజలు పరోక్షంగా పాలుపంచుకుంటున్నారు. 2016లో వచ్చిన హైడ్రోకార్బన్ అన్వేషణ, లైసెన్సింగ్ విధానంలో వ్యయ వసూలు లేదు. ఆదాయంలో వాటా మాత్రమే ఉంది. ఇక్కడ విరమణ భారం ప్రధానంగా నిర్వాహకులదే, కానీ వారు ఆర్థికంగా బలహీనపడితే ఏమిటన్న ప్రశ్న మరింత తీవ్రమవుతుంది. బ్రిటన్ చట్టం క్షేత్రంలో పూర్వం వాటా ఉన్న సంస్థలను కూడా అవసరమైతే తిరిగి బాధ్యుల్ని చేయగలదు. వాటాలు చేతులు మారడం సాధారణమైన ఈ పరిశ్రమలో ఇది గమనించదగిన రక్షణ.

6.3 తపతి:

పశ్చిమ తీరంలోని మధ్య, దక్షిణ తపతి వాయు క్షేత్రాల సదుపాయాల తొలగింపు దేశంలో తొలి సాగరగర్భ విరమణ ప్రాజెక్టు. ఓఎన్‌జీసీ, రిలయన్స్, షెల్ భాగస్వామ్యంలోని ఈ క్షేత్రంలో 38 బావులను మూసి, 5 బావి ప్లాట్‌ఫారాలను తొలగించినట్లు 2025లో ప్రకటించారు. దీనితో దేశంలో ఈ పనికి అవసరమైన అనుమతుల క్రమం, సాంకేతిక అనుభవం ఒక రూపం పొందాయి. అయితే తపతి తక్కువ లోతులోని క్షేత్రం. లోతుజలాల బావులకు ఆ అనుభవం పాక్షికంగానే ఉపకరిస్తుంది.

7. అంచనా తప్పితే నిధి ఏమవుతుంది?

విరమణ నిధిని ఉత్పత్తి పరిమాణానికి అనుగుణంగా సమకూర్చడం చమురు పరిశ్రమ లెక్కల్లో వాడుకలో ఉన్న పద్ధతి. ప్రతి ప్రమాణం ఉత్పత్తికి ఇంత అని జమచేస్తూ పోతే, నిక్షేపం ముగిసేసరికి మొత్తం సమకూరుతుంది. ఈ పద్ధతి బలం, బలహీనత రెండూ అంచనాలోనే ఉన్నాయి. కింది ఊహాత్మక లెక్క దీనిని స్పష్టం చేస్తుంది. ఇది ఏ క్షేత్రపు వాస్తవ ఖాతా కాదు.

ఒక క్షేత్రంలో 100 ప్రమాణాల వాయువు ఉందని, విరమణకు 1,000 రూపాయలు కావాలని అనుకుంటే, ప్రమాణానికి 10 రూపాయల చొప్పున జమచేయాలి. 25 ప్రమాణాలు తీసేసరికి నిధిలో 250 రూపాయలు ఉంటాయి. అప్పుడు మొత్తం నిక్షేపం 33 ప్రమాణాలేనని తేలితే, మిగిలిన 750 రూపాయలను 8 ప్రమాణాల నుంచి రాబట్టాలి. అంటే ప్రమాణానికి సుమారు 94 రూపాయలు. ఉత్పత్తి పడిపోయి, ఆదాయం తగ్గి, నిర్వహణ వ్యయం పెరిగిన దశలోనే జమ తొమ్మిది రెట్లకు పైగా పెరగాలి. నిర్వాహక సంస్థకు ఇతర ఆదాయం ఉంటే భరిస్తుంది. ఆ ఒక్క క్షేత్రమే ఆధారమైన చిన్న సంస్థ భరించలేదు.

ఇందుకు విరుద్ధమైన స్థితిలోనూ ఇబ్బంది ఉంది. క్షేత్రం 100కు బదులు 220 ప్రమాణాలు ఇస్తే, తొలి అంచనా ప్రకారం నిధి సగంలోనే పూర్తవుతుంది. కానీ ఆ తరువాతి కాలంలో కొత్త బావులు చేరతాయి, ఉక్కు తుప్పు పడుతుంది, క్రేను ఓడల అద్దె పెరుగుతుంది. ఇరవై ఏళ్ల క్రితపు 1,000 రూపాయల అంచనా ఆనాటికి చాలదు. దీర్ఘాయుష్షు క్షేత్రానికి లాభం, పాత అంచనాపై నిలిచిన నిధికి నష్టం.

కాబట్టి నిక్షేపాల అంచనా మారిన ప్రతిసారీ నిధి లెక్క కూడా మారాలి. బావులు తవ్విన రోజునే వాటిని మూసే బాధ్యత ఏర్పడుతుంది. అందువల్ల తొలి సంవత్సరాల్లోనే, ఉత్పత్తి ఉచ్ఛస్థితిలో ఉన్నప్పుడే, ఎక్కువ భాగం సమకూర్చుకోవడం లేదా బ్యాంకు హామీ తీసుకోవడం క్షేమకరం.

8. పునర్వినియోగం - సముద్రంపై ఆధారపడినవారు:

ఉత్పత్తి ఆగిన ప్రతి నిర్మాణాన్నీ వెంటనే తొలగించడం అన్నివేళలా మేలు కాదు. డీ-6 దీనికి మంచి ఉదాహరణ. డీ-1, డీ-3 ముగిశాక అదే నియంత్రణ ప్లాట్‌ఫారాన్ని, అదే తీర కేంద్రాన్ని ఉపయోగించుకొని 2020 డిసెంబరులో ఆర్-క్లస్టర్, 2021లో శాటిలైట్ క్లస్టర్, 2023లో ఎంజే క్షేత్రం ఉత్పత్తిలోకి వచ్చాయి. ఆర్-క్లస్టర్ 2,000 మీటర్లకు మించిన లోతులో, ఆ ప్లాట్‌ఫారానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. పాత సదుపాయం లేకపోతే ఈ క్షేత్రాల ఆర్థిక లెక్క వేరుగా ఉండేది.

మెక్సికో సింధుశాఖలో మరో మార్గం అనుసరించారు. 1984లో అమెరికా చేసిన చట్టం ఆధారంగా 500కు పైగా ప్లాట్‌ఫారాలను కృత్రిమ దిబ్బలుగా మార్చారు. ఉక్కు చట్రాల చుట్టూ చేపలు చేరతాయన్నది నిజమే. కానీ కొత్తగా చేపల సంతతి పెరిగిందా, ఉన్న చేపలే అక్కడ గుమిగూడాయా అన్న చర్చ శాస్త్రవేత్తల మధ్య కొనసాగుతోంది. గేలాలతో వేటాడేవారికి దిబ్బ లాభం, సముద్రతలాన్ని గీకుతూ లాగే ట్రాల్ వలలకు అది ప్రమాదం. రెండు పద్ధతులూ ఉన్న కాకినాడ తీరంలో ఈ తేడాను విస్మరించడానికి వీల్లేదు.

పునర్వినియోగానికి, వాయిదాకు మధ్య గీత సన్ననిది. ‘భవిష్యత్తులో పనికిరావచ్చు’ అన్న మాట విరమణను నిరవధికంగా వాయిదావేయడానికి సాకు కాకూడదు. సముద్ర చట్ట ఒప్పందం నిర్మాణాల చుట్టూ 500 మీటర్ల వరకు భద్రతా వలయాన్ని అనుమతిస్తుంది. ఉత్పత్తి లేని ప్లాట్‌ఫారం చుట్టూ ఆ వలయం కొనసాగినంత కాలం, ఉప్పాడ, భైరవపాలెం, ఓడలరేవు వంటి గ్రామాల వేటగాళ్లకు ఆ మేర సముద్రం అందదు. పైపులైను మీద చిక్కుకొని చిరిగిన వల ఖరీదు ఏ విరమణ బడ్జెటులోనూ కనిపించదు, ఆ కుటుంబపు అప్పులో కనిపిస్తుంది.

బ్రిటన్‌లో విరమణ ప్రణాళికను ఆమోదించేముందు మత్స్యకార సమాఖ్యలను సంప్రదించడం నిర్వాహకుల విధి. అభివృద్ధికి ముందు తీరగ్రామాల అభిప్రాయం తీసుకోవడం ఎంత అవసరమో, ఏది తొలగించాలి, ఏది వదలాలి అన్న నిర్ణయానికి ముందు కూడా అంతే అవసరం. ఎక్కడ వల తగులుతుందో, ఏ పాయ ఎటు జరిగిందో తీరవాసులకు ఉన్న జ్ఞానం సర్వేకు పూరకం.

9. ముగింపు:

పై పరిశీలన నుంచి ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

1. అభివృద్ధి, విరమణ వేరువేరు ప్రాజెక్టులు కావు. నిర్మాణాన్ని ఎంచుకున్న రోజునే తొలగింపు పద్ధతి, వ్యయం చాలావరకు నిర్ణయమవుతాయి. బ్రెంట్ కాంక్రీటు పునాదులు ఇందుకు నిదర్శనం.

2. రవ్వ తొలి అంచనాను మించి బతికింది, డీ-1, డీ-3 అంచనాను అందుకోకుండానే ముగిశాయి. నిక్షేపాల అంచనాపై మాత్రమే ఆధారపడిన విరమణ నిధి ఈ రెండు స్థితుల్లోనూ బలహీనపడుతుంది.

3. నిధి లెక్కలను నిర్ణీత వ్యవధుల్లో సవరించి, బావుల సంఖ్య, నిర్మాణాల వయస్సు, తొలగింపు ధరలను వాటిలో చేర్చాలి. వాటాలు చేతులు మారినప్పుడు పూర్వ యజమానుల బాధ్యత స్పష్టంగా ఉండాలి.

4. తక్కువ లోతులో తపతి ఇచ్చిన అనుభవాన్ని, తుపానులు, చలించే ఒండ్రు, లోతుజలాలు ఉన్న తూర్పు తీర పరిస్థితులకు తగినట్లు మలచుకోవాలి.

5. పునర్వినియోగాన్ని ప్రోత్సహించాలి, కానీ దానికి గడువు ఉండాలి. మత్స్యకారులు ఆ నిర్ణయంలో భాగస్వాములు కావాలి.

98/2 బ్లాకులో తొలి చమురు వచ్చి ఎంతో కాలం కాలేదు. రవ్వ పొడిగింపు ఒప్పందం 2029లో ముగుస్తుంది. ఒకే తీరంలో ఒక క్షేత్రం ఆరంభంలో, మరొకటి ఒప్పందపు చివరి సంవత్సరాల్లో ఉన్న ఈ కాలం, రెండు కొసలనూ కలిపి ఆలోచించడానికి అనువైన సమయం. గోదావరి ముఖద్వారం వద్ద చమురు సంస్థలు అతిథులు. సముద్రాన్ని నమ్ముకొన్నవారు వాటికి ముందూ ఉన్నారు, తరువాతా ఉంటారు. సముద్రాన్ని వారికి ఏ స్థితిలో తిరిగి అప్పగిస్తారన్నదే క్షేత్ర విరమణకు అసలైన గీటురాయి.